డాట్ కామ్ పెద్దోడికి, డాట్ ఇన్ చిన్నోడికి

ముమ్మిడివరం దాటి కాలవ గట్టు పట్టుకుని రెండు కిలోమీటర్లు వెళితే ‘సుందరమ్మ నర్సరీ’ అని రెండు బోర్డులు కనిపిస్తాయి. పక్కపక్కనే. ఒకే ఆకుపచ్చ రంగు, ఒకే అక్షరాలు, ఒకే కొబ్బరి మొక్క బొమ్మ. రెండింటికీ మధ్య తాటాకు దడి. దడికి దక్షిణాన ఉన్నది సోమేశ్వరరావుగారిది, ఉత్తరాన ఉన్నది ఆయన తమ్ముడు దుర్గాప్రసాద్‌ది. మొక్కల కోసం కొత్తగా వచ్చినవాళ్ళు ఏ గేటులోకి వెళ్ళాలో తెలియక ఆగితే, దారినపోయేవాళ్ళు “ఎందులోకెళ్ళినా ఒకటేనండి” అంటారు. ఆ మాట చెవినపడితే చాలు, దుర్గాప్రసాద్ భార్య బేబికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒకటే అవడం వల్లనే కదా ఆమె కొంప మునిగింది!

బేబి పుట్టిల్లు రాజోలు. అమలాపురంలో బోటనీ చదివింది, టీచరు కావాలనుకుంది, చివరికి కొబ్బరి మొక్కల ఇంట్లో పడింది. అందుకు ఏనాడూ ఏడవలేదు. అత్తగారు సుందరమ్మ ఆమెను వంటింటికి అప్పగించకుండా మొదటి వారమే కొబ్బరి నారుమడిలోకి తీసుకుపోయింది. విత్తనపు కాయను చెవి దగ్గర పెట్టి ఊపి లోపల నీళ్ళ చప్పుడు వినడం, మొక్క ఎత్తు చూసి మోసపోకుండా మొదలు లావు చూడడం, ఆకు పట్టుకుని లాగకుండా వేళ్ళ కింద నుంచి పారతో లేపడం, అన్నీ ఆవిడే నేర్పింది. తను చదివిన మూడేళ్ళ బోటనీ అంతా కలిపినా అత్తగారితో గడిపిన ఒక్క మధ్యాహ్నానికి సాటిరాదని బేబి ఇప్పటికీ అంటుంది.

కరోనా ఏడాది లారీలు ఆగిపోయి మొక్కలన్నీ మడిలోనే నిలబడిపోయాయి. అప్పుడు పుట్టింది వెబ్‌సైటు ఆలోచన. అమలాపురం గడియార స్తంభం వెనక సందులో పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, వెబ్‌సైట్లు చేసే మమత అనే అమ్మాయి ఉంది. పేరు కొని, పేజీలు కట్టి ఇచ్చింది మమత. ఆ పేజీల్లో సరుకు నింపింది బేబి. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కునుకు తీసే వేళ ఆమె మడి గట్టున కూర్చుని ఫోనులో రాసేది. దేశవాళీ చెట్టు ఎలాంటిది, గంగబొండాం ఎలాంటిది, ఏ నేలకు ఏది సరిపడుతుంది, గొయ్యి ఎంత తియ్యాలి, కొమ్ముపురుగు పడితే ఏం చెయ్యాలి. అత్తగారు చెప్తూంటే ఈమె రాసేది. తెలుగులో రాసి, తెలిసినవాళ్ళ చేత హిందీలోకీ కన్నడంలోకీ మార్పించింది. ఇరవై ఏడు పేజీలయ్యాయి. ఆ తరువాత రాయచూరు నుంచి ఫోను, బళ్ళారి నుంచి ఫోను, ఒడిశా నుంచి ఫోను. వచ్చీరాని భాషల్లో బేబి అందరికీ జవాబు చెప్పేది. నాలుగేళ్ళ కిందట సుందరమ్మ పోయినా ఆవిడ మాటలు ఆ పేజీల్లో మిగిలాయి. చిన్న సందేహం వస్తే బేబి తను రాసిందే తను తెరిచి చదువుకునేది.

ఇక దుర్గాప్రసాద్. మంచివాడు. మంచివాడు అన్న మాట వెనక ఎంత చేతకానితనం దాక్కుని ఉంటుందో పెళ్ళయిన ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మొన్న మాఘమాసంలో అన్నదమ్ములు వేరుపడ్డారు. గొడవేమీ లేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఎవరి దారి వాళ్ళు చూసుకుందామనుకున్నారు, అంతే. పెద్దమనిషిగా దొరబాబుగారు వచ్చారు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో పంపకం జరిగినా అరుగు మీద ఆయన ఉండాల్సిందే. దక్షిణం పెద్దోడికి, ఉత్తరం చిన్నోడికి, అది ఆనవాయితీ. విత్తనపు కాయలిచ్చే తల్లి చెట్లు తొంభై రెండు, చెరి నలభై ఆరు. నారుమళ్ళు చెరి సగం. మోటారు ఒక్కటే కాబట్టి రోజు విడిచి రోజు. అన్నీ అయ్యాక సోమేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు.

“మరి ఆ ఇంటర్నెట్టు సంగతేంటండి? ఫోన్లన్నీ దాన్ని చూసే వస్తన్నాయంట కదా.”

గుమ్మంలో కాఫీ గ్లాసుల పళ్ళెంతో నిలబడిన బేబి ఉండబట్టలేక అంది. “అది నేను రాసిందండి, బావగారూ.”

“నువ్వు రాయలేదని ఎవరన్నారమ్మా? రాసేవు. కానీ ఉమ్మడిలో ఉండగా రాసేవు. ఉమ్మడిలో ఉండగా నాటిన చెట్టు ఉమ్మడిదే కదా,” అన్నారు దొరబాబుగారు చాలా మర్యాదగా. ఆ మర్యాద చూస్తే కోప్పడడానికి కూడా సందు దొరకదు. “దీనికింత ఆలోచనేం అక్కర్లేదండి. రిజిస్ట్రారాఫీసులో దస్తావేజు నకలు తీసుకోవట్లేదా మనం? ముద్ర పడిందంటే నకలూ అసలూ ఒకటే. దీనికీ ఓ నకలు తీయించండి. పాతది పెద్దోడికి, కొత్తది చిన్నోడికి. గొడవొదిలిపోద్ది.”

“ఆయ్,” అన్నారు సోమేశ్వరరావుగారు. “ఆయ్,” అన్నాడు దుర్గాప్రసాద్ కూడా, పెళ్ళాం మొహం వైపు చూడకుండా.

అలా డాట్ కామ్ పెద్దాయనకు వెళ్ళింది. డాట్ ఇన్ అని కొత్త పేరు కొని, ఇరవై ఏడు పేజీలూ అక్షరం పొల్లుపోకుండా దాంట్లోకి దింపి, తమ్ముడికి ఇచ్చారు. పాతదాంట్లో బేబి నంబరు తీసేసి పెద్దాయన నంబరు పెట్టారు. దింపేటప్పుడు మమత నసిగింది. “అక్కా, ఒకే రాత రెండు పేర్ల మీద పెడితే సెర్చ్‌లో ఇబ్బందవుద్దేమో. ఒకసారి ఇంట్లో చెప్పి చూడండి.” బేబి ఇంటికొచ్చి చెప్పింది. “ఇప్పుడు మళ్ళీ అన్నయ్యని కదపమాకే, అంతా సవ్యంగా అయ్యింది కదా,” అన్నాడు మొగుడు. బేబి ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నానా అని ఆ తరువాత ఎన్నిసార్లు తల బాదుకుందో లెక్కలేదు.

ఫాల్గుణం పోయింది, ఫోను మోగలేదు. చైత్రం పోయింది, మోగలేదు. ఎండాకాలం కదా అనుకుంది. వైశాఖం వచ్చింది. తొలకరికి నాటేవాళ్ళు మొక్క కోసం వెతికేది అప్పుడే. ఏటా ఆ నెలలో ఫోను చార్జింగు నిలిచేది కాదు, ఈ ఏడు మాత్రం బ్యాటరీ నిండుగా ఉంది. ఉత్తరం మడిలో ఆరు వేల మొక్కలు పదకొండు నెలల వయసులో నిలబడి ఉన్నాయి. శ్రావణం దాటితే అవి ముదిరిపోతాయి. వేళ్ళు మడి అడుగున నేలలోకి దిగిపోయి, తవ్వి తీసినా సరిగ్గా బతకవు. ఎవడికో అంటగట్టి పంపితే వాడు మళ్ళీ ఈ ఊరి పేరెత్తడు. ఏడాది కష్టం వంటచెరకవుతుంది.

ఒకరోజు ఏదో అనుమానం వచ్చి ఫోనులో ‘కోనసీమ కొబ్బరి మొక్కలు’ అని కొట్టి చూసింది. మొట్టమొదటే సుందరమ్మ నర్సరీ. ప్రాణం లేచొచ్చింది. నొక్కి చూస్తే కింద బావగారి నంబరు! తనది ఎక్కడా లేదు. రెండో పేజీలో లేదు, మూడో పేజీలో లేదు, పదో పేజీ దాకా వెతికినా లేదు. ఆ పూటే బస్సెక్కి మమత కొట్టుకెళ్ళింది.

మమత కంప్యూటరు తిప్పి చూపించింది. సెర్చ్ ఇంజిన్ వాళ్ళ జాబితాలో బేబి పేజీల ఎదురుగా ఒకే ముక్క, ఇరవై ఏడు సార్లు ఉంది. నకలు పేజీ, అసలుగా వేరే పేజీని ఎంచుకున్నాం అని దాని అర్థం.

“నకలా? ఎవత్తె రాసిందని నకలు?” బేబి గొంతు పెరిగేసరికి పెళ్ళి కార్డు చూసుకుంటున్న దంపతులు తలెత్తి చూశారు.

“మీరే రాసేరక్కా. కానీ ఎవరు రాసేరో దానికేం తెలుసు? ఊళ్ళన్నీ తిరిగే యంత్రం అది. రెండిళ్ళల్లో ఒకే సామాను కనబడితే ఒకింటి పేరు రాసుకుని రెండోది వదిలేస్తది. చూసేవాళ్ళకి ఒకటే రెండుసార్లు చూపించడం ఎందుకని. పాతిల్లు కాబట్టి డాట్ కామ్‌ని పట్టుకుంది.”

“నేను రాసేనని దానికి చెప్పొచ్చు కదా!”

చెప్పడానికి ఒక ఫారం ఉందట. బేబి ఆ ఫారం నింపింది. ఆరేళ్ళ నాటి ఫొటోలు పెట్టింది, అత్తగారి పక్కన కూర్చుని రాసుకుంటున్న ఫొటో కూడా పెట్టింది. మూడోరోజు జవాబొచ్చింది. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అట! అభిప్రాయమేమిటి, నా మొహం? మళ్ళీ రాసింది. మళ్ళీ అదే జవాబు, కామా కూడా మారలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చెవిటివాడైతే కనీసం ఎదురుగా మనిషంటూ ఉంటాడు.

మార్గం లేకపోలేదని చెప్పింది మమత. ‘మాది నకలు, అసలు పేజీ ఫలానా చోట ఉంది’ అని పెద్దాయన పేజీల్లో ఒక్క లైను రాస్తే చాలు. చదివేవాళ్ళకు కనబడదు, యంత్రానికి మాత్రమే కనబడుతుంది. లేదా బేబియే మొత్తం చెరిపేసి కొత్తగా రాసుకోవాలి. ఇరవై ఏడు పేజీలు కొత్తగా రాసి, యంత్రం వచ్చి చూసి, నమ్మేసరికి శ్రావణం కాదు, సంక్రాంతి వస్తుంది. అయినా అత్తగారి మాటను కొత్తగా ఏమని రాస్తుంది? మొక్క మొదలు లావు చూడమన్న మాటకు ఇంకో మాట ఎక్కడి నుంచి తెస్తుంది?

బావగారింటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కుర్చీలో ఉన్నారు. “రామ్మా, కూర్చో” అన్నారు. బేబి నోరు తెరిచేలోగా ఆయన ఫోను మోగింది. ఎత్తారు, రెండు క్షణాలు విన్నారు, కట్ చేసేశారు. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశారు.

“ఎవరండీ?”

“ఎవరో హిందీవోళ్ళమ్మా. రోజుకి పది పదిహేను వస్తన్నాయి. టీవీలో చెప్పేరు కదా, తెలీని భాషలో ఫోనొస్తే ఎత్తకూడదంట, బ్యాంకులో డబ్బులు లాగేస్తారంట. నేనసలు ఛాన్సివ్వట్లేదు,” అన్నారు సోమేశ్వరరావుగారు గర్వంగా.

రోజుకు పదిహేను మంది రైతులు! తను రాసింది చదివి, తన మాట నమ్మి, మొక్కలు కావాలని చేస్తున్న ఫోన్లు. అవి తన దగ్గరికి రావు, వచ్చినచోట ఎత్తరు. దడికి అటు ఐదు వేలు, ఇటు ఆరు వేలు మొక్కలు ముదురుతూ కూర్చున్నాయి. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటారు. పంచుకున్న గొడ్డు కూడా పుచ్చే చస్తుందని ఎవరూ చెప్పలేదే!

“బావగారూ, అవి మొక్కల కోసమండి! మోసగాళ్ళు కారండి!” అని, ఆ వేడిలోనే ఒక్క లైను సంగతి కూడా చెప్పేసింది. అక్కడే పొరపాటు చేసింది.

ఆయన మొహం మారిపోయింది. “అంటే, నాది నకలని నా చేత రాయించుకుంటావా అమ్మా?”

“ఎవరికీ కనబడదండి. ఆ యంత్రానికి తప్ప.”

“యంత్రానికైనా సరే, పెద్దోణ్ణి నేను. మా అమ్మ పేరు మీద ఉన్నదానికి పెద్దకొడుకు నకలా? ఊళ్ళో ఎవరన్నా వింటే ఏమనుకుంటారు?” ఆయన కోప్పడలేదు, బాధపడ్డారు. అది ఇంకా చెడ్డది. ఇంట్లోంచి తోడికోడలు మజ్జిగ తెచ్చి ఇస్తూ, “తాగమ్మా, ఎండన పడొచ్చేవు” అంది. తాగక తప్పింది కాదు.

సంగతి దొరబాబుగారి దాకా పోయింది. మళ్ళీ అరుగు, మళ్ళీ కాఫీ. ఆయన అంతా విన్నారు, కళ్ళు మూసుకుని ఆలోచించారు, తెరిచారు.

“ఇద్దరూ మర్యాదస్తులే. ఒకళ్ళు తగ్గేరన్న మాట రాకూడదు. పెద్దోడు తన దాంట్లో ‘అసలు మా తమ్ముడిది’ అని రాయాలి. చిన్నోడు తన దాంట్లో ‘అసలు మా అన్నయ్యది’ అని రాయాలి. ఒకళ్ళనొకళ్ళు గౌరవించుకున్నట్టుంటది. ఏవంటారు?”

అరుగు మీద అందరి మొహాలూ వెలిగిపోయాయి. సోమేశ్వరరావుగారి కళ్ళు చెమర్చాయి కూడా. “మా తమ్ముడి కోసం అదెంత మాటండి,” అన్నారు. “అన్నయ్య తరవాతే కదండీ ఏదైనా,” అన్నాడు దుర్గాప్రసాద్. బేబి మాత్రం నోట్లో కొంగు కుక్కుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు.

“ఇలా ఎక్కడన్నా రాస్తారా అక్కా?” అని మొత్తుకుంది మమత. “వీళ్ళు వాళ్ళింటికెళ్ళమంటారు, వాళ్ళు వీళ్ళింటికెళ్ళమంటారు. అది పిచ్చెక్కి రెండూ వదిలేస్తది.”

“నాకు తెలుసే తల్లీ. రాయి. రాయకపోతే మాటకి ఎదురుచెప్పిందంటారు.”

మమత రాసింది. పెళ్ళి పంక్తిలో ఇద్దరు వియ్యంకులు “మీరు కూర్చోండి”, “అబ్బే, ముందు మీరు కూర్చోండి” అని నిలబడిపోతే విస్తరి ముందు ఎవరూ కూర్చోరు, అన్నం చల్లారిపోతుంది. సరిగ్గా అదే జరిగింది. ఒక వారం డాట్ కామ్ కనబడింది, ఒక వారం డాట్ ఇన్ తొంగిచూసింది, తరువాత రెండూ పోయాయి. ‘కోనసీమ కొబ్బరి మొక్కలు’ అని కొడితే మొదటి వరసలో ఎవడో పరాయి రాష్ట్రం వ్యాపారి వస్తున్నాడు. వాడు కోనసీమ చూసి ఉండడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

“ఫోన్ల గోల తగ్గిందమ్మా, హాయిగా ఉంది,” అన్నారు బావగారు దడి అవతల నుంచి. ఆ క్షణాన చేతిలో ఉన్న పారను బేబి నేలలోకి ఎంత గట్టిగా దించిందంటే, పక్కనున్న కూలీ ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

తొలకరి పడింది. ఆషాఢం సగమైంది. మొక్కలు ఆకు మీద ఆకు తొడుగుతున్నాయి. ఇంకెవరికైనా అది పచ్చగా, ముచ్చటగా కనబడుతుంది. బేబికి మాత్రం ఒక్కో ఆకూ ఒక్కో వాయిదాలా కనబడింది. ఓ పొద్దున ఒక మొక్కను పారతో లేపి చూసింది. వేళ్ళు నేలలోకి దిగడం మొదలైంది. మొగుణ్ణి అడగలేదు, అరుగు మీదికి ఎవరినీ పిలవలేదు. చీర మార్చుకుని అమలాపురం వెళ్ళింది.

“మమతా, మాది తీసెయ్. మా పేరు కొట్టినోళ్ళందర్నీ తిన్నగా డాట్ కామ్‌కి పంపించెయ్. ఆయన పేజీల్లో రాసిన ఆ లైను కూడా పీకెయ్.”

మమత కీబోర్డు మీద చేతులు పెట్టలేదు. “అక్కా, మీరు రాసిందక్కా అది. మీదే నకలని మీరే ఒప్పుకున్నట్టవుద్ది.”

“ఒప్పుకుంటన్నాను. మొక్కలకి నా పౌరుషంతో పనేంటి? కానియ్.”

అక్కణ్ణుంచి తిన్నగా బావగారింటికి వెళ్ళింది. “మీదే అసలు, బావగారూ. మీరు పెద్దవారు. మాది తీయించేశాను. ఒక్కటే అడుగుతాను. దాని మీద నంబరు నాది పెట్టనివ్వండి. ఫోన్లు నేనెత్తుతాను. ఒక లారీ మీ మడిలోంచి, ఒక లారీ మా మడిలోంచి.”

సోమేశ్వరరావుగారు పొంగిపోయారు. “ఆయ్! అదీ మాటంటే. ఆ హిందీవోళ్ళ బాధ నాకూ తప్పుద్ది. ఇదేదో మొదట్లోనే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా!”

మొదట్లోనే! బేబి ఆయన అరుగు మెట్లు దిగేదాకా పళ్ళు బిగించే ఉంది. కాలవ గట్టు మీదికి వచ్చాక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పెద్దగా ఒక తిట్టు తిట్టింది. ఎవరినని అడిగితే ఆమే చెప్పలేదు.

పన్నెండు రోజులు పట్టింది. శ్రావణం మొదటి వారంలో పేజీ మళ్ళీ పైకి వచ్చింది, ఫోను మోగడం మొదలైంది. మొదటి లారీ బావగారి మడిలోంచి వెళ్ళింది. రెండోది ఉత్తరం మడిలోంచి, మూడోది దక్షిణం నుంచి. ముదిరిన మొక్కలను బేబి ముందే ఏరి పక్కన పెట్టేసింది. వెయ్యికి పైగా పోయాయి. మిగిలినవి అమ్ముడుపోతాయన్న ఆశ పుట్టింది. అలాంటి రోజుల్లోనే కర్ణాటకలో సింధనూరు దగ్గర ఆంధ్రావాళ్ళ క్యాంపు నుంచి ఒక పెద్దాయన ఫోను చేశాడు. తాతల నాడు గోదావరి నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డవాళ్ళు. మాటలో ఇంకా కొత్తపేట యాస పోలేదు.

“మీ సైటంతా మా మనవరాలి చేత చదివించుకున్నానండి. ఆకు పట్టుకుని లాగొద్దు, వేళ్ళ కింద నుంచి లేపమని రాసేరు చూడండి, మా నాయనమ్మ అచ్చం ఇలాగే చెప్పేది. ఎవరు రాసేరోగానీ తెలిసినోళ్ళండి. మీ మావగారాండి?”

“మా ఇంట్లోవాళ్ళేనండి,” అంది బేబి.

“ఇంకోటండి. మీది చూసి ముక్కకి ముక్క దించేసిన దొంగ సైటు ఒకటుండేది, డాట్ ఇన్ అని. అచ్చం మీ పేరే, మీ ఫొటోలే. మొన్న జ్యేష్ఠంలో ఓ వారం మీది కనబడింది, మళ్ళీ వారం చూస్తే అది దొరికింది మాకు. మా అబ్బాయి, ఇదేదో కాపీగాళ్ళది నాన్నా, జోలికెళ్ళకు అన్నాడు. ఆ నంబరుకి చెయ్యలేదు. ఇప్పుడు చూస్తే లేదు. మూయించేసేరా?”

‘ఆ దొంగని నేనేనండి, ఆ ముక్కలన్నీ నావేనండి, మా అత్తగారి పక్కన కూర్చుని నా చేత్తో రాసుకున్నవండి’ అని అరవాలనిపించింది బేబికి. కోపం, అవమానం, ఏడుపు మూడూ కలిసి వచ్చాయి. ఎదురుగా మడిలో ఇంకా మూడు వేల మొక్కలున్నాయి.

“ఆయ్. మూయించేసేమండి.”

“మంచి పని చేసేరు. అలాంటోళ్ళని అస్సలు వదలకూడదండి.”

“వదల్లేదండి,” అంది బేబి, చెంగుతో కళ్ళు గట్టిగా తుడుచుకుంటూ. “చెప్పండి, ఎన్ని మొక్కలు కావాలి?”